పేరు వేయించుకోలేని గిన్నెలు

మా అమ్మ పుట్టిల్లు అమలాపురం పక్కనున్న బండారులంక. మగ్గాల చప్పుడు మధ్య పెరిగిన మనిషి కనుక, ఏ బట్టనైనా వేళ్ల మధ్య నలిపి చూశాక గాని ధర సంగతి ఎత్తదు. కిందటి శ్రావణమాసంలో నేను ఫోనులో "ఉప్పాడ పట్టు" అన్న పేరు చూసి 1,900 రూపాయలకు తెప్పించిన చీరను ఆమె ముందు పెట్టినప్పుడు, కొంగు అందం జోలికి పోకుండా మొదట చీరను తిరగేసింది. వెనకవైపు ప్రతి బుటా చుట్టూ కత్తిరించిన పోగుల కొసలు గరగరా వేళ్లకు తగిలాయి. ఉప్పాడ జాందానీలో బుటాను మగ్గం మీదే చేత్తో పోగు పోగుగా నేస్తారు కాబట్టి, చీర ముందు ఎలా ఉంటుందో వెనకా అలాగే ఉంటుంది. ఆ తరువాత అమ్మ అంచు పక్కనుంచి ఒక పోగు లాగి అగ్గిపుల్లతో అంటించింది. పట్టయితే వెంట్రుక కాలిన వాసన వచ్చి, నలిపితే పొడి అయిపోయే బూడిద మిగులుతుంది. ఈ పోగు కరిగి, నల్లటి గట్టి పూసలా ముడుచుకుపోయింది. "ఇది పట్టు కాదమ్మా, పాలిస్టరు" అంటూ చీర మడత పెట్టి నా చేతికిచ్చింది.

వాపసు పంపాను, నాలుగు రోజుల్లో డబ్బు వచ్చేసింది. అయితే వారం తిరక్కుండానే అదే ఫొటో, అదే చీర ఇంకొక అమ్మకందారు పేరుతో మళ్లీ కనిపించినప్పుడు నాకు నిజంగా బాధ కలిగింది. ఆ ప్రాంతపు నేతకే ఆ పేరు చెల్లేలా 2009లోనే భౌగోళిక గుర్తింపు పొందిన ఉప్పాడ పేరును ఎక్కడిదో మరమగ్గం బట్టకు తగిలించి అమ్ముతుంటే, నెలల తరబడి మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చునే నేతగాడు ఆ ధరతో ఎలా పోటీ పడగలడు?

గిన్నెల విషయంలోనూ ఇదే జరిగింది. మా చిన్నప్పుడు పాత్ర సామాన్ల కొట్టులో ఇత్తడైనా స్టీలైనా తూకం వేసి అమ్మేవారు. ఒకే కొలత గల రెండు గిన్నెలను త్రాసులో పెడితే ఏది మందమో, ఏది పలచనో అక్కడే తేలిపోయేది. ఇప్పుడు బొమ్మ కింద ఎన్ని లీటర్లో రాస్తున్నారు గాని, బరువును చూసి కొనేవారు తక్కువ. లీటర్లు తగ్గకుండా, ఫొటోలో మెరుపు తగ్గకుండా, ధర మాత్రం తగ్గించాలంటే తయారీదారుకు దొరికే సులువైన దారి రేకు మందం తగ్గించడమే. అలా కొన్న గిన్నెలో పాలు కాచిన మొదటి రోజే అడుగంటాయి.

కొనే అలవాటు కూడా మారింది. మా ఇళ్లలో కొనుగోళ్లకు ఒక కాలం ఉండేది. దాళ్వా ధాన్యం డబ్బు చేతికందాకనో, కొబ్బరి దింపు అయ్యాకనో, సంక్రాంతికి ముందో అందరూ కలిసి బజారుకు వెళ్లేవాళ్లం. అవసరాల చీటీ అప్పటికి నెలల ముందే తయారై ఉండేది. "ఇది మీకొద్దండి, రెండు ఉతుకులకే రంగు దిగిపోతుంది" అని చెప్పే కొట్టు యజమాని ఉండేవాడు, ఎందుకంటే వచ్చే పండక్కి మళ్లీ మా మొహం చూడాలి. ఇప్పుడు భోజనాలయ్యాక ఫోను పట్టుకుంటే అవసరమే లేని వస్తువు తెల్లారేసరికి బయలుదేరి ఉంటుంది. 2010లో ఆన్‌లైన్ కొనుగోళ్లకు సరుకు ఇంటికొచ్చాక డబ్బులిచ్చే పద్ధతి మొదలైనప్పుడు ఉన్న కాస్త వెనకాముందూ కూడా, 2016 తరువాత వచ్చిన యూపీఐతో పోయింది.

మేలు జరగలేదని అనను. నరసాపురం వెళ్లడానికి సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి వశిష్ఠ గోదావరి దాటే ఊళ్ల పిల్లలకు పోటీ పరీక్షల పుస్తకాలు గుమ్మంలోకి వస్తున్నాయి. పాత మిక్సీకి దొరకని విడిభాగం నాకూ అలాగే దొరికింది.

అందుకే కొనడం మానమని చెప్పను గాని, చేతితో చూసే పరీక్ష పోయినచోట కాగితం మీది పరీక్షనైనా వదలవద్దని కోరుతున్నాను. ప్రెషర్ కుక్కర్‌కు ఐఎస్ఐ గుర్తు 2021 ఫిబ్రవరి నుంచి తప్పనిసరి. అయినా అది లేనివాటిని అమ్మనిచ్చినందుకు 2022లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ పెద్ద పెద్ద ఆన్‌లైన్ అమ్మకాల వేదికలకే లక్ష రూపాయల చొప్పున జరిమానా వేసి, కొన్నవారికి డబ్బు తిరిగి ఇమ్మని ఆదేశించింది. గుర్తుతోపాటు ఉండే లైసెన్సు నంబరును, ఆ గుర్తు ఇచ్చే భారతీయ ప్రమాణాల సంస్థ వారి బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే అది అసలైనదో కాదో తెలుస్తుంది. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్లు ఆ వేదిక 48 గంటల్లో తెలియజేయాలి, నెలలోగా పరిష్కరించాలి. వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయవచ్చు. కేసు వేయవలసి వచ్చినా, 2019 వినియోగదారుల రక్షణ చట్టం వల్ల మనం నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేసుకోవచ్చు. చీర విషయంలో నేను డబ్బు వచ్చిందని ఊరుకున్నాను. ఆ ఫిర్యాదు చేసి ఉండవలసింది.

మా వంటింట్లో 1983 అని తేదీ, కింద అమ్మ పేరు చుక్కలు చుక్కలుగా చెక్కిన ఇత్తడి గుండిగ ఇప్పటికీ ఉంది. కొన్న రోజే కొట్టులో కూర్చోబెట్టి పేరు వేయించారట. మొన్న పార్సిల్లో వచ్చిన గిన్నెను అమ్మ చేత్తో ఎత్తి చూసి, దీని మీద పేరు చెక్కబోతే ఉలి అవతలికి దిగిపోతుందని చెప్పి, అటక మీద పెట్టించింది.