ఇంకా రాలేదు

నిన్న సాయంత్రం మా అక్క కొడుకుతో భద్రకాళి చెరువు కట్ట మీద కూర్చున్నా. ఇంటర్ ఫస్టియర్. వీకెండ్ టెస్ట్‌లో మార్కులు పోయాయని రెండు రోజులుగా అన్నం సరిగ్గా తినడం లేదట.

"నాకు ఫిజిక్స్ రాదు మామా" అన్నాడు. చేతిలో మక్క కంకి, గింజలు ఒలుస్తున్నాడే గానీ ఒక్కటీ నోట్లో వేసుకోవట్లేదు.

"ఇంకా రాలేదు అనరా" అన్నా. (ఈ 'ఇంకా' నాది కాదు, స్టాన్‌ఫర్డ్ సైకాలజిస్ట్ కెరోల్ డ్వెక్‌ది.) వాడు నవ్వలేదు. తప్పులేదు. రోజుకు 12 గంటలు చదువుతూ, సరిగ్గా నిద్ర లేని పిల్లాడికి మాట మారిస్తే టెన్షన్ కొంత తగ్గుతుందేమో, నిద్ర ఎక్కడి నుంచి వస్తుంది?

చీకటి పడ్డాక సగం కంకి విరిచి నాకిచ్చాడు.

"రొటేషనల్ మోషన్ ఒక్కటే మామా, ఇంకా రాలేదు."