థీమ్ తేల్చాల్సిన వారం

ఆదివారం, రాత్రి 9.

మా వాలంటీర్ల సదస్సుకి ఇంకా ఎనిమిది నెలల టైముంది. కానీ ప్రసంగాలకి ప్రతిపాదనలు పంపమనే ఆహ్వానం మూడు వారాల్లో వెళ్ళాలి కాబట్టి థీమ్ ఈ వారమే తేలాలి. ఆహ్వానం వెళ్ళిపోయాక పెట్టిన థీమ్ బ్యానరుకే పనికొస్తుంది, వచ్చే ప్రసంగాలకి దానితో సంబంధం ఉండదు.

మొత్తం 26 సూచనలు వచ్చాయి. మాట వేరు, భావం ఒకటే అన్నవాటిని కలిపేస్తే ఏడు మిగిలాయి. ఒక్కోదాన్నీ ఒకే ప్రశ్న అడగాలి: దీనికి సరిపోని ప్రసంగం ఏది? ‘ఐక్యత, ఆవిష్కరణ, భవిష్యత్తు’ లాంటి మూడు మాటల థీమ్‌కి సరిపోనిదంటూ ఉండదు. దేన్నీ కాదనలేని థీమ్ దేన్నీ ఎంచిపెట్టలేదు కూడా. ‘చేరినవాళ్ళు నిలిచేలా’ అన్నది నాకు నచ్చింది. అందులో ఒక పని ఉంది, చదవగానే ఎవరి అనుభవం వాళ్ళకి గుర్తొస్తుంది.

2018లో కేప్‌టౌన్‌లో జరిగిన వికీమేనియా (వికీపీడియా లాంటి ప్రాజెక్టుల వాలంటీర్ల ప్రపంచ సదస్సు) థీమ్‌లో జ్ఞానంలోని అంతరాలను పూడ్చడమనే పనీ ఉంది, ‘ఉబుంటు’ (తోటివాళ్ళ వల్లే మనం మనుషులం అనే భావన) అనే ఆ నేల మాటా ఉంది. మరుసటి ఏడు స్టాక్‌హోమ్‌లో ఐక్యరాజ్యసమితి సుస్థిరాభివృద్ధి లక్ష్యాలతో ముడిపెట్టారు. అవి 17 కాబట్టి, అంత విశాలమైన థీమ్‌లోనూ ప్రసంగం ఏ లక్ష్యం కిందికొస్తుందో చెప్పడానికి వీలుంటుంది.

తర్వాతి పరీక్ష పోయినేటి ప్రతిపాదనలతో. చూడకుండా ఇరవై తీసి థీమ్ పక్కన పెట్టాలి. ఎనిమిది నుంచి పన్నెండు దాకా సరిపోతే బాగుంది. పద్దెనిమిది సరిపోతే మరీ వదులు. మూడే సరిపోతే అసలు ప్రమాదం అక్కడే: సొంత ఖర్చుతో వచ్చే వాలంటీర్లు ఇప్పటికే చేసిన పని గురించే మాట్లాడతారు, మన థీమ్ కోసం కొత్త పని మొదలుపెట్టరు. అందుకే ప్రతిపాదనల ఎంపికలో థీమ్‌కి మార్కులు నూటికి ఇరవై మించకూడదు. పావు వంతు సెషన్లకి థీమ్ నియమమే ఉండకూడదు.

ఓటింగు ఈ పరీక్షల్లో నిలిచిన మూడింటి మీదే. ఒక్కరికి ఒక్క ఓటైతే, దగ్గరదగ్గరగా ఉన్న రెండు థీమ్‌లు ఓట్లు చీల్చుకుని ఎక్కువమందికి నచ్చని మూడోది గెలిచిపోవచ్చు. ఒప్పుకోగలిగినవన్నీ టిక్కు పెట్టమనడం మేలు. ఒప్పుకోలేనిదానికి కారణం రాయమనాలి. ఓ భాషలో ఆ మాటకి తప్పుడు అర్థం ఉందన్న సంగతి ఆ కారణాల్లోనే బయటపడుతుంది.

థీమ్ కింద అరవై మాటల వివరణ, మూడు ప్రశ్నలు ఉండాలి. ప్రతిపాదన రాసేవాళ్ళు ఆ ప్రశ్నలు చూసే రాస్తారు. నినాదం ఎంత బాగున్నా, ఏం రాయాలో అది చెప్పదు. మూడింటికీ వివరణలు రాయడం ఇప్పుడే అయింది.

రేపు అనువాదకులకి పంపాలి, బుధవారంలోగా జవాబులు రావాలి. లోగో పని గురువారం కంటే ముందు మొదలవ్వకూడదు. బొమ్మ ముందే అందరికీ నచ్చేస్తే, థీమ్‌నే దానికి తగ్గట్టు మార్చేస్తారు.