ఆడ పుచ్చు పురుగు లాభనష్టాలు: నా ప్రాజెక్ట్ అనుభవం

ఒక్కసారి జతకడితే చాలు, అలసందల్లో పెరిగే ఆడ పుచ్చు పురుగుకి తన గుడ్లలో చాలావాటికి సరిపడా వీర్యం దొరుకుతుంది. దాన్ని ఒంట్లో ఒక చిన్న సంచిలో దాచుకుని వాడుకుంటుంది. అయినా మళ్లీ జతకడుతుంది. దానికి ఒరిగేదేమిటి, పోయేదేమిటి? పీజీ ప్రాజెక్ట్‌కి నేను తీసుకున్న ప్రశ్న ఇదే.

చదవడం మొదలుపెట్టగానే టెన్షన్ పట్టుకుంది. 1948లో బేట్‌మన్ అనే శాస్త్రవేత్త పండ్ల ఈగలపై చేసిన ప్రయోగాల తర్వాత, ఎక్కువసార్లు జతకడితే లాభం మగవాటికే అన్న మాట చాలాకాలం నడిచింది. 2000లో ఆర్న్‌క్విస్ట్, నిల్సన్ 122 ప్రయోగాలను కలిపి చూసి, ఎక్కువసార్లు జతకడితే ఆడ కీటకాల జీవితకాల సంతానం కూడా 30 నుంచి 70 శాతం పెరుగుతోందన్నారు. అదే ఏడాది క్రడ్జింగ్టన్, సివా-జోతి సరిగ్గా నా పురుగు మీదే ఇంకో సంగతి బయటపెట్టారు. మగదాని జననాంగానికి ముళ్లుంటాయి, అవి ఆడదానికి లోపల గాయాలు చేస్తాయి. ఆడది వెనక కాళ్లతో మగదాన్ని తన్నేది అందుకే. తన్నకుండా ఆపితే జత ఎక్కువసేపు సాగి గాయాలు పెరిగాయి. రెండుసార్లు జతకట్టినవి ముందే చనిపోయాయి కూడా.

పని పరంగా మొదటి గండం, ఇంకా జతకట్టని పురుగులను పట్టుకోవడం. గింజలోంచి బయటికొచ్చిన కాసేపటికే అవి జతకట్టేస్తాయి. అందుకని గుడ్లున్న ఒక్కో గింజనీ విడిగా ఒక్కో చిన్న గడిలో వేసి కనిపెట్టుకుని ఉండాలి. ఆడదాని తోక చివర ముదురు చారలుంటాయి కాబట్టి గుర్తుపట్టడం సులువే. అక్కణ్ణుంచి వాచీ చూస్తూ పురుగుల కాపురాలకు కాపలా కాయడమే నా ఉద్యోగం!

కొన్నిటికి ఒక్కసారే జత. కొన్నిటికి రెండోసారి అదే మగది, ఇంకొన్నిటికి కొత్త మగది. అలా విడదీయకపోతే లాభం ఎక్కువసార్లు జతకట్టడం వల్లా, వేరే మగది దొరకడం వల్లా అన్నది తేలదు. 1998లో ట్రెగెంజా, వెడెల్ కీచురాళ్లతో ఇలాగే చేశారు. జతల సంఖ్య ఒకటే అయినా, వేర్వేరు మగవాటితో కట్టిన ఆడవాటి గుడ్లే ఎక్కువగా పొదిగాయి.

అసలు చిక్కు, రెండోసారి ఒప్పుకోని ఆడవాటితో వచ్చింది. వాటిని పక్కన పెట్టేద్దామంటే గైడ్ మేడమ్ ఒప్పుకోలేదు. "ఒప్పుకున్నవాటినే లెక్కేస్తే, నువ్వు జత ప్రభావాన్ని కొలవట్లేదమ్మా, దాహం వేసిన పురుగుల్ని ఏరుకుంటున్నావు" అన్నారు. అది ఉత్తి మాట కాదు. ఈ పురుగు పెద్దయ్యాక తిండీ నీళ్లూ లేకుండానే బతికేస్తుంది. మగది ఇచ్చే వీర్యం తన బరువులో పదోవంతు దాకా ఉంటుంది, అందులో ఆడదానికి నీళ్లు దొరుకుతాయి. నీళ్లు అందుబాటులో ఉన్న ఆడవి మళ్లీ జతకట్టడానికి అంత ఆసక్తి చూపవని 2007లో ఎడ్వర్డ్‌సన్ తేల్చారు. అందుకే ఏ గుంపులో వేసిన పురుగుని ఆ గుంపులోనే లెక్కకట్టాను.

గుడ్లు లెక్కపెట్టడం మాత్రం హాయి. గింజ పైనే అంటించి ఉంటాయి, పొదిగినవి తెల్లబడతాయి, పొదగనివి గాజులా మిగిలిపోతాయి.

రెండుసార్లు జతకట్టినవి ఎక్కువ గుడ్లు పెట్టాయి, కానీ తొందరగా చనిపోయాయి. అయితే గుడ్లు పెట్టడమే ఆయుష్షు తగ్గించే పని. మరి చంపింది గాయమా, గుడ్లా? అందుకే కొన్నిటికి గింజలే ఇవ్వలేదు. గింజ లేకపోతే అవి గుడ్లు చాలా తక్కువ పెడతాయి. ఆ గుంపులో ఆయుష్షు తేడా తగ్గింది కానీ, పూర్తిగా పోలేదు. పండ్ల ఈగల్లోనైతే వీర్యంలోని ప్రొటీన్లే ఆడదాని ఆయుష్షు తగ్గిస్తాయని చాప్‌మన్ బృందం 1995లోనే చూపించింది.

వైవాలో సూటిగానే అడిగారు: లాభమా, నష్టమా, ఒక్క మాటలో చెప్పండి. ఎన్ని రోజులు బతికిందన్నది కాదు, ఎన్ని పిల్లలు బయటికొచ్చాయన్నదే నా కొలత అని చెప్పాను. నీళ్లు దొరకని చోట ఆ కొలత ప్రకారం రెండో జత లాభమే. నీళ్లు ఇచ్చి చేసి ఉంటే ఏమయ్యేదని వెంటనే ఇంకో ప్రశ్న వేశారు. ఆ గుంపు నా ప్రయోగంలో లేదు, ఇప్పుడు నా జూనియర్ మొదలుపెట్టింది అదే.