లెక్క ఫోన్‌ల కాదు, నోట్లె ఉండాలె

నల్లగొండ అంగట్ల కిలో 47 రూపాయల బత్తాయి 8 కిలోలు ఎంతయితదంటే, ఏడో తరగతి పిల్లగాడి చెయ్యి ముందు ఫోన్ మీదికే పోతది. నోటిలెక్కయితే 40 ఎనిమిదులు 320 అనుకొని, దాన్ని మనసుల పట్టుకొని, ఏడు ఎనిమిదులు 56 కలిపి 376 చెప్పాలె. ఆ పట్టుకోవడమే అసలు సాధన. మనసు ఒకేసారి నాలుగైదు ముక్కలే మోస్తది. ఎక్కం నోటికి రాకుంటే 56 దగ్గరే తంటాలు పడి 320ని జారవిడుస్తడు.

ఫోన్ గుంజుకుంటే మొండికేస్తరు. రోజూ 15 నిమిషాలు దాన్ని వేరే అర్రల పెట్టి, ఐదు లెక్కలు నోటితో చెప్పించండి. జవాబు రాసినంకనే క్యాలిక్యులేటర్‌తో సరిచూడనియ్యండి. తప్పయితే జవాబు చెప్పకండి, ఎక్కడ జారిందో వాళ్లనే వెతకనియ్యండి. మొదట్ల నత్తనడకే ఉంటది. దయచేసి తొందరపెట్టకండి.