నోటుపుస్తకం తెచ్చిన ఉద్యోగం

"రిక్రియేషనల్ థెరపిస్టు కావలెను" అన్న ప్రకటన కోసం అనంతపురంలో ఎనిమిది నెలలు వెదికి, అలాంటిది రాదని తేల్చుకున్నాక, దరఖాస్తుల్లో ఆ మాట రాయడమే మానేశాను. ఆటపాటల వంటి వినోదాన్నే సాధనంగా చేసుకుని రోగి కోలుకోవడానికి తోడ్పడే వృత్తి ఇది. అమెరికాలో ఈ వృత్తికి 1981 నుంచి ప్రత్యేక ధ్రువీకరణ మండలి ఉంది. మన దేశంలోనూ అనుబంధ ఆరోగ్య వృత్తుల కోసం 2021లో చేసిన జాతీయ కమిషన్ చట్టం షెడ్యూలులో ఈ పేరు కనిపిస్తుంది. అయితే చట్టంలో పేరెక్కినంత మాత్రాన ఆసుపత్రిలో ఖాళీ పుట్టదు.

మొదటి ఇంటర్వ్యూలో ఒక డాక్టరుగారు నా కాగితాలు తిరగేసి, "ఆటలాడించడానికి ఆయా ఉంది కదమ్మా" అన్నారు. ఉక్రోషం వచ్చిన మాట నిజమే గానీ, ఆ కాగితాల్లో నేను చదివిన చదువుల పేర్లే తప్ప, నా వల్ల రోగికి ఏమి ఒరుగుతుందో ఒక్క ముక్కా లేదు.

తర్వాత ఒక ఫిజియోథెరపీ కేంద్రంలో మూడు నెలలు జీతం లేకుండా పనిచేశాను. పక్షవాతంతో కుడిచేయి పట్టుతప్పిన ఒక పెద్దావిడ, రబ్బరు బంతి పిసకమంటే రెండు నిమిషాల్లో విసుక్కునేది. అదే వామనగుంటల పీట ముందుపెట్టి, చింతగింజలను కుడిచేత్తోనే తీసి గుంటకొకటిగా వేయాలని షరతు పెడితే, గంటసేపు కదలకుండా ఆడేది, పైగా నన్ను ఓడించాలని పంతం పట్టేది. గింజను వేళ్ల కొనలతో పట్టుకోవడం, చేయి చాచి వదలడం, లెక్క గుర్తుంచుకోవడం, ఎదుటి మనిషితో మాట కలపడం, అన్నీ ఆ ఒక్క ఆటలోనే జరిగేవి. గుంట బయట పడ్డ గింజలెన్నో, ఎంతసేపు కూర్చుందో రోజూ తేదీ వేసి నోటుపుస్తకంలో రాసుకున్నాను.

కర్నూలులోని ఒక మానసిక చికిత్సా కేంద్రంలో బల్లమీద పెట్టింది ఆ పుస్తకాన్నే. చికిత్సకు చేరినవారికి వినోద సదుపాయాలు హక్కుగా ఉండాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోందని కూడా గుర్తుచేశాను. వాళ్లకు తెలియని సంగతేమీ కాదు, అడిగేవాళ్లు లేరంతే. పూటపనికి తీసుకున్నారు.

ఈ దారిలో వెదికేవారు కౌన్సెలర్, యాక్టివిటీ కోఆర్డినేటర్ అన్న పేర్లతో చూడండి; వైకల్యమున్న పిల్లల ప్రత్యేక పాఠశాలల్లో టీచరు పోస్టుకైతే భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ) నమోదు అడుగుతారు. నా జీతం చీటీ మీద ఇప్పటికీ "కౌన్సెలర్" అనే ఉంది. సాయంత్రం నాలుగింటికి మాత్రం చెక్కభజన మొదలవుతుంది, వారాలుగా నోరు విప్పని ఒకాయన నా అడుగు తప్పని దిద్దుతుంటాడు.