ఇరవై దాకా వచ్చు, ఎన్ని ఉన్నాయో మాత్రం చెప్పదు

మా అమ్మాయి కిండర్‌గార్టెన్‌లో చేరిన రెండో వారానికే ఒకటి నుంచి ఇరవై దాకా గడగడా అప్పజెప్పేసింది. నేను పొంగిపోయి, ఆ ఊపులోనే ఏడు బొత్తాలు మంచం మీద పరిచి లెక్కపెట్టమన్నాను. ఒక్కో బొత్తాం మీద వేలు పెడుతూ ఏడు దాకా వచ్చింది. "ఎన్ని ఉన్నాయి మరి?" అన్నాను. మళ్లీ మొదటి బొత్తాం మీద వేలు పెట్టి "ఒకటి, రెండు..." అని మొదలెట్టింది. మూడుసార్లు అడిగితే మూడుసార్లూ అంతే.

నాకు కాస్త టెన్షన్ పట్టుకుంది. టీచర్‌ని అడిగితే నవ్వేసి, మామూలేనండీ అన్నారు. అంకెలు వరసగా చెప్పడం ఒక పని, ఒక్కో వస్తువుకి ఒక్కో అంకె చొప్పున జత చేయడం ఇంకో పని, ఆఖరున పలికిన అంకే మొత్తం అని తెలియడం ఆ రెంటికన్నా కష్టమైన పని. గెల్‌మన్, గాలిస్టెల్ అనే ఇద్దరు పరిశోధకులు 1978లోనే వీటిని విడివిడి సూత్రాలుగా రాసిపెట్టారు. మనకి ఇవన్నీ ఎప్పుడో కలిసిపోయి ఒకటే పనిలా కనిపిస్తాయి కాబట్టి పిల్లలు ఎక్కడ ఆగారో మనకి అంతుపట్టదు.

ఇంకోటి కూడా చేసి చూశాను. ఐదు బొత్తాలు ఒక వరస, దాని కిందే సరిగ్గా ఐదు బొత్తాలు ఇంకో వరస. రెండూ సమానమే అని ఒప్పుకుంది. తన కళ్ల ముందే కింది వరసను ఎడం ఎడంగా జరిపాను. "ఇప్పుడు?" అంటే, "ఇందులో ఎక్కువున్నాయి" అని పొడుగు వరసని చూపించింది! పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందో పరిశోధించిన పియాజే ఎప్పుడో చెప్పిన సంగతే, చాలామంది పిల్లలు ఆరేడేళ్లకి గానీ దీన్ని దాటరు. చదివి తెలుసుకోవడం వేరు, సొంత కూతురు అంత నమ్మకంగా చెబుతుంటే నోరెళ్లబెట్టి చూడటం వేరు.

అప్పటినుంచి నోట్‌బుక్ తిరగేసి "ఇవాళ ఏం రాయించారు" అని అడగడం తగ్గించాను. రాసేదానికన్నా ముందు జరగాల్సింది బోలెడుంది. చదువు సంగతే తీసుకోండి, అక్షరాలకన్నా ముందు చెవి సిద్ధం కావాలి. "పలకలో ప తీసేస్తే ఏం మిగిలింది?" అని టీచర్ అడుగుతారు, పిల్లలు "లక" అని అరుస్తారు. చూసేవాళ్లకి అల్లరిలా ఉంటుంది గానీ, మాటని ముక్కలుగా వినగలిగితేనే తర్వాత ఆ ముక్కకి ఒక గుర్తుంటుందని అర్థమవుతుంది. రాత కూడా అంతే. మణికట్టు ఎముకలు ఇంకా పూర్తిగా గట్టిపడని వయసు, అందుకే ముందు మట్టి పిసకడం, కాగితాలు కత్తిరించడం, పూసలు గుచ్చడం. మా అమ్మాయి 3ని అద్దంలో చూసినట్టు తిప్పి రాసేది. కప్పుని అటు తిప్పినా ఇటు తిప్పినా కప్పే కదా, అక్షరాలూ అంకెలూ మాత్రం తిప్పితే తప్పైపోతాయని వాళ్లకెలా తెలుస్తుంది పాపం!

సైన్స్ అంటే నీళ్ల తొట్టి. ఏది మునుగుతుంది, ఏది తేలుతుంది అని ముందు చెప్పాలి, తర్వాత వేసి చూడాలి. పెద్ద చెక్క ముక్క తేలి, చిన్న నాణెం మునిగిపోతే ఆ మొహాలు చూడాలి. బొమ్మలు గీయడం, పాటలు, ఆటలు సరేసరి. వంతు వచ్చేదాకా ఆగడం అన్నింటికన్నా కష్టమని మా అమ్మాయి అభిప్రాయం, నేనూ కాదనను.

నాకు బాగా నచ్చింది మాత్రం చెక్క దిమ్మలు. ఫ్రోబెల్ 1837లో జర్మనీలోని బాడ్ బ్లాంకెన్‌బర్గ్‌లో బడి పెట్టి, 1840లో దానికి కిండర్‌గార్టెన్, అంటే పిల్లల తోట, అని పేరు పెట్టాడు. ఆయన తయారుచేయించిన ఆటవస్తువుల్లో ఒకటి ఎనిమిది చిన్న ఘనాలుగా విడిపోయే చెక్క ఘనం. విడదీస్తే రెండు నాలుగులు, నాలుగు రెండ్లు. మళ్లీ కలిపితే మొదటి ఘనమే. పిల్ల దాంతో ఇల్లు కడుతుంది, ఆ ఇంట్లో ఎవరుంటారో కథ చెబుతుంది, పక్కవాడు ఒక దిమ్మ లాక్కుంటే పోట్లాడి, బేరమాడి వెనక్కి తెచ్చుకుంటుంది. ఇందులో లెక్కల పీరియడ్ ఎక్కడ అయిపోయింది, తెలుగు పీరియడ్ ఎక్కడ మొదలైంది అంటే నేను చెప్పలేను.

మొన్న మళ్లీ ఆ ఏడు బొత్తాలే తీశాను. లెక్కపెట్టింది. ఎన్ని అన్నాను. "ఏడు. ఇప్పుడే చెప్పాగా" అని విసుక్కుంది. సరే అని రెండు వరసలు పేర్చి ఒకదాన్ని ఎడంగా జరిపాను. ఈసారి వెంటనే చెప్పలేదు, రెండు వరసల వంకా మార్చి మార్చి చూసి, నా మొహం వంక చూసి, చివరికి పొడుగు వరస మీదే వేలు పెట్టింది.