అందవైలీయాస్ గుడిలో అరపూట

పెరూలోని కుస్కోలో దిగిన రోజు అమ్మ మంచం దిగలేదు. 3,400 మీటర్ల ఎత్తు మరి. నాలుగు మెట్లెక్కితే ఆయాసం, ఆగని తలనొప్పి. హోటల్‌వాళ్లు కోకా ఆకుల టీ ఇస్తే "గడ్డి కషాయంలా ఉందిరా" అంటూనే మూడు కప్పులు తాగింది. డాలస్‌లో నా దగ్గర నాలుగు నెలలుందామని వచ్చిన మనిషిని పెరూ దాకా లాక్కొచ్చానే అని నాకు ఒకటే టెన్షన్. మూడో రోజు తనే లేచి, "ఆ గుడికి పోదాం పద" అంది.

కుస్కోకి ఆగ్నేయంగా 40 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, అందవైలీయాస్ అనే చిన్న ఊళ్లో ఉంది ఆ పునీత పేతురు గుడి, అంటే కాథలిక్ చర్చి. షేర్ వ్యాన్‌లో గంట ప్రయాణం. ఊరు కుస్కో కంటే కాస్త పల్లంలో ఉండడంతో అమ్మకి ఊపిరి కుదుటపడింది.

బయట చూస్తే మట్టి ఇటుకల గోడలు, సున్నం, గుమ్మం పైన ఒక బాల్కనీ. "మన ఫిరంగిపురం గుడి ముందు ఇదెంత!" అంది. లోపలికెళ్లిన రెండు నిమిషాలకి ఆ మాట వెనక్కి తీసుకుంది. గోడల మీద, పైకప్పు మీద బొమ్మలు, పూల నగిషీలు. చెయ్యంత ఖాళీ లేదు. బంగారు రేకు తాపిన పీఠంలో అద్దాలు పొదిగారు. వాటికన్‌లో బొమ్మలకి పేరుపడ్డ గుడితో పోల్చి, దీన్ని 'అమెరికా ఖండాల సిస్టైన్ చాపెల్' అంటారు గానీ, ఆ పేరు నాకు నచ్చలేదు. దీనికి ఇంకొకరి పేరు అరువెందుకు?

ఫొటోలు తీయనివ్వరు. అందుకే కాబోలు, కుదురుగా చూశాం.

బయటికి పోయేవాళ్లకి ఎదురుగా, గుమ్మం గోడ మీద రెండు దారుల బొమ్మ ఉంది. 1620ల్లో లూయిస్ దె రియాన్యో వేశాడు. పూలు పరిచిన వెడల్పాటి దారి మంటలు లేచే కోటలోకి, ముళ్లున్న ఇరుకు దారి పరలోకానికి. "చదువు రానోళ్లకి ఇదే ప్రసంగం" అంది అమ్మ.

నేను వచ్చింది మాత్రం జ్ఞానస్నానపు గది ద్వారం కోసం. "నీకు జ్ఞానస్నానమిస్తున్నాను" అనే మాటలు దాని చుట్టూ లాటిన్, స్పానిష్‌లతో పాటు ఇక్కడి స్థానిక జనాల కెచువా, ఐమారా, పుకీనా భాషల్లో రాసున్నాయి. పుకీనా మాట్లాడేవాళ్లు ఇప్పుడు లేరు. ఇక్కడ ఫాదర్‌గా చేసిన హువాన్ పెరేజ్ బొకానెగ్రా కెచువా, ఐమారా బాగా తెలిసినవాడు. ఈ విచారణ (పారిష్) ఎవరిదని ఆయనకీ, జెస్యూట్ సభ ఫాదర్లకీ పెద్ద తగాదా నడిచింది. ఈ భాషల్ని ప్రేమతోనే నేర్చుకున్నారా, జనాన్ని లొంగదీసుకోవడానికా? ఆ గుమ్మం ముందు నిలబడితే రెండూ నిజమేననిపించింది.

నేను ఒక్కో భాషా వేలితో చూపిస్తుంటే అమ్మ విని, మెల్లగా "పితా పుత్ర పవిత్రాత్మ నామమున" అని సిలువ గుర్తు వేసుకుంది. "ఆరోది మనది" అంది.

తిరుగు వ్యాన్‌లో చెరో ఇయర్‌ఫోన్ పెట్టుకుని 'హనక్ పచప్ కుసికుయ్‌నిన్' విన్నాం. బొకానెగ్రా 1631లో అచ్చువేయించిన పుస్తకంలోని మరియమాత పాట అది. కెచువాలో నాలుగు గొంతులకు రాసింది. అమెరికా ఖండాల్లో అచ్చైన మొదటి బహుస్వర గీతం అంటారు. నిదానంగా, ప్రదక్షిణ నడకలా సాగుతుంది. సగంలోనే అమ్మ ఇయర్‌ఫోన్ తీసేసి, దారిలో కొన్న మొక్కజొన్న కంకి అందుకుంది. తెల్లటి గింజలు, ఒక్కోటీ గోరంత పెద్దవి.

"పాట బానే ఉందిరా. దీంట్లోకి కాస్త ఉప్పూ కారం ఉంటేనా!"